పాత బైక్ కొన్నారా? ముందు ఆయిల్ చూడండి

కళాశాలలు తెరిచే రోజులు వచ్చాయంటే మన పిల్లల ఇళ్ళలో బండి గురించి మాట మొదలవుతుంది. వర్తూరు, గుంజూరు, పాణత్తూరు, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో గదులు అద్దెకు తీసుకొని చదువుకునే విద్యార్థులకు బస్సు దొరికినా సమయానికి చేరడం కష్టం. కొత్త బైక్ ధర లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉంది. అందుచేత పాతిక ముప్పై వేలకో, నలభై వేలకో పాత బండి కొనుక్కోవడమే చాలామంది చేస్తున్న పని. అందులో తప్పేమీ లేదు. మంచి బండి చూసి కొని, శ్రద్ధగా వాడుకుంటే చదువు పూర్తయ్యేదాకా సేవ చేస్తుంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా వాహనాల వర్క్‌షాపులో పనిచేసి, ప్రస్తుతం వర్తూరులో ఉంటున్నాను. మనవాళ్ళ పిల్లలు కొన్న బండ్లను తీసుకొచ్చి చూపిస్తూ ఉంటారు. అలా వచ్చిన బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఒకటే. సీటు కవరు కొత్తది, ట్యాంకు మీద స్టిక్కర్లు కొత్తవి, టైర్లకు నల్లరంగు పూసి ఉంటుంది. ఇంజన్‌లో ఆయిల్ మాత్రం అడుగంటి ఉంటుంది. నాలుగైదు వందల రూపాయల ఆయిల్ పోయనందువల్ల ఇంజన్ పాడైతే, దాన్ని విప్పి బాగుచేయించడానికి వేల రూపాయలు అవుతాయి. ఆ వేలు ఫీజు కోసం దాచిన డబ్బులోంచి, లేదా చేతికి వచ్చిన స్కాలర్‌షిప్‌లోంచి పోతాయి. అంతకన్నా ముఖ్యం, నడిచే బండిలో ఇంజన్ ఉన్నట్టుండి పట్టేస్తే వెనుక చక్రం కూడా బిగుసుకుపోయి మనిషి కిందపడే ప్రమాదం ఉంది. కాబట్టి పాత బైక్ కొన్న ప్రతి విద్యార్థీ తన చేతులతో తానే చేసుకోగలిగిన ఆయిల్ పరీక్షల గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇందుకు మెకానిక్ కానక్కరలేదు. ఒక పాత గుడ్డ, పది నిమిషాల సమయం ఉంటే చాలు.

ఇంజన్ ఆయిల్ ఏం చేస్తుంది?

మన తాతల కాలంలో ఇరుసుకు కందెన పెట్టనిదే ఎద్దుల బండి కట్టేవారు కాదు. ఇంజన్‌లోనూ అదే సూత్రం. కాకపోతే ఇక్కడ వేగం, వేడి చాలా ఎక్కువ. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతున్నప్పుడు పిస్టన్ ఆ నిమిషంలోనే 5000 సార్లు పైకీ, 5000 సార్లు కిందికీ కదులుతుంది. పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు ఇనుముకు ఇనుము రాసుకోకుండా మధ్యలో ఉండేది వెంట్రుక కంటే పలుచని ఆయిల్ పొర మాత్రమే.

ఆయిల్ రాపిడిని తగ్గించడమొక్కటే చేయదు. లోపలి భాగాల వేడిని మోసుకొచ్చి బయటి గోడలకు అందిస్తుంది. మసిని, అరిగిన లోహపు పొడిని తనలో కలుపుకొని భాగాలను శుభ్రంగా ఉంచుతుంది. రింగులకూ బోరుకూ మధ్య సందును మూసి కంప్రెషన్ పోకుండా కాపాడుతుంది. కారులో ఇంజన్‌కు ఒక ఆయిల్, గేర్ బాక్సుకు వేరొక ఆయిల్ ఉంటాయి. మనం వాడే ఫోర్ స్ట్రోక్ బైకుల్లో దాదాపు అన్నింటిలో ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు కలిపి ఒకే ఆయిల్. అదీ మొత్తం ఒక లీటరు అటూ ఇటూగా మాత్రమే. ఆ లీటరులో పావు లీటరు తగ్గినా పాతిక శాతం తగ్గినట్టు లెక్క. చిన్న బండే కదా అని అశ్రద్ధ చేయరాదని చెప్పడానికి ఇదే కారణం.

కొనే ముందు పది నిమిషాల పరీక్ష

అమ్మేవారు చెప్పే చరిత్ర నిజమో కాదో మనకు తెలియదు. మీటరులో కనిపించే కిలోమీటర్లను పూర్తిగా నమ్మలేము. ఆయిల్‌ను పరీక్షిస్తే మాత్రం కొంత నిజం బయటపడుతుంది. ఈ వరుసలో చూడండి.

1. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. మీరు వచ్చే ముందు స్టార్ట్ చేయవద్దని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్ళగానే ఇంజన్‌ను జాగ్రత్తగా చేతితో తాకండి. అప్పటికే వెచ్చగా ఉంటే కారణం అడగండి. చల్లని ఇంజన్‌లో కనిపించే లోపాలు వేడెక్కాక దాగిపోవచ్చు.

2. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఇంజన్ పక్కన ఆయిల్ పోసే మూతకే చాలా బండ్లలో ఒక పుల్ల ఉంటుంది. దాని చివర పై గీత, కింది గీత ఉంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. కొన్ని బండ్లకు పుల్లకు బదులు ఇంజన్ పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. పుల్లకు ఆయిల్ అంటనే అంటకపోతే ఆ బండిని చూసుకున్నవారు ఎలాంటివారో అర్థం చేసుకోండి.

3. ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్దండి. నల్లగా ఉన్నంత మాత్రాన చెడిపోయిందని కాదు. మసిని కలుపుకోవడం ఆయిల్ పనే కాబట్టి కొంత దూరం నడిచాక రంగు మారుతుంది. అయితే ఇసుక రేణువుల్లా గరగరలాడినా, ఎండలో పట్టి చూస్తే వెండి పొడిలా మెరిసినా లోపల భాగాలు అరుగుతున్నాయని గుర్తు. పెట్రోలు వాసన గట్టిగా వచ్చి, ఆయిల్ నీళ్ళలా పలుచగా ఉంటే కార్బొరేటర్ నుంచి పెట్రోలు లోపలికి దిగుతుండవచ్చు. అటువంటప్పుడు ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది కూడా.

4. స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనుక నిలబడి చూడండి. చల్లని ఉదయం కాస్త తెల్లని ఆవిరి వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలిరంగు పొగ వస్తే ఇంజన్ ఆయిల్‌ను తాగుతున్నట్టు. స్టార్ట్ చేసిన కొద్దిసేపే నీలిపొగ వచ్చి తగ్గితే సాధారణంగా వాల్వ్ సీళ్ళు అరిగి ఉంటాయి. ఎక్సలేటర్ ఇచ్చిన ప్రతిసారీ వస్తే రింగులు, బోరు అరిగి ఉండే అవకాశం ఎక్కువ. రెండోది పెద్ద ఖర్చు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ మండుతున్నట్టు. అది ట్యూనింగ్‌తో సరిపోవచ్చు.

5. బండి కింద చూడండి. డ్రెయిన్ బోల్టు దగ్గర, ఇంజన్ ప్యాకింగుల చుట్టూ, ముందు ఫోర్కుల మీద ఆయిల్ చెమ్మ ఉందేమో గమనించండి. అమ్మేముందు నీళ్ళతో కడిగి ఉంటారు కనుక, పది నిమిషాలు ఇంజన్ నడిపాక మళ్ళీ ఒకసారి చూడండి.

ఆర్.సి. మీద ఉన్న ఇంజన్, చాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలన్నది అందరికీ తెలిసిందే. చిత్తూరు, అనంతపురం, కడప జిల్లాల నుంచి తెచ్చుకున్న బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంటే కర్ణాటకలో తిరిగి రిజిస్టర్ చేయించాలి. అందుకు అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఎన్.ఓ.సి. కావాలి. కొనేముందే ఈ విషయం మాట్లాడుకోండి.

వరద నీటిలో మునిగిన బండి

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం. 2022 సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన వర్షాలకు బెళ్ళందూరు, మారతహళ్ళి, యెమలూరు, వర్తూరు వైపు ఎన్నో వీధులు, అపార్టుమెంట్ల సెల్లార్లు నీట మునిగాయి. ట్రాక్టర్లలో జనం ఆఫీసులకు వెళ్ళిన ఫోటోలు దేశమంతా చూసింది. ఆ సెల్లార్లలో నిలిపిన బైకులు కూడా మునిగాయి. అటువంటి బండ్లను పైపైన తుడిచి అమ్మినా కొనేవారికి తెలియదు. పెద్ద వాన వచ్చిన ప్రతి ఏడూ ఈ జాగ్రత్త అవసరమే.

నీరు కలిసిన ఆయిల్ చిక్కని మజ్జిగలా, పాలు ఎక్కువైన కాఫీలా కనిపిస్తుంది. పుల్ల మీద ఉన్న ఆయిల్ మొత్తం ఈ రంగులో ఉంటే ఆ బండి ధర ఎంత తక్కువైనా వదిలేయడం మంచిది. ఒక చిన్న భేదం గమనించాలి. డిసెంబరు, జనవరి చలిలో రోజూ ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే నడిపే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి చెమ్మ ఆవిరై బయటకు పోలేక మూత లోపలి వైపు కాస్త మీగడలా పేరుకుంటుంది. పుల్ల మీది ఆయిల్ శుభ్రంగా ఉండి, మూతకు మాత్రమే మీగడ ఉంటే దాన్ని తుడిచి, బండిని అరగంట ఆగకుండా నడిపి మళ్ళీ చూడాలి. మళ్ళీ పేరుకుంటే అనుమానించాలి.

మీ బండే వాన నీటిలో మునిగితే స్టార్ట్ చేసే ప్రయత్నం చేయకండి. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్‌లో నీరు ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్లగ్ విప్పి నీరు తీసేసి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఆయిల్ పూర్తిగా దించి కొత్తది పోయాలి. కాసేపు నడిపాక ఆ ఆయిల్‌ను కూడా దించి మరోసారి కొత్తది పోయాలి. రెండుసార్ల ఆయిల్ ఖర్చు ఇంజన్ ఖర్చు ముందు ఎంత?

కొన్న రోజే ఆయిల్ మార్చండి

అమ్మినవారు నిన్ననే మార్చామని చెప్పినా సరే, మీరు మార్చండి. ఏ ఆయిల్ పోశారో, ఎంత పోశారో మీకు తెలియదు. మీరు మార్చిన రోజు నుంచి బండి లెక్క మీ చేతిలో ఉంటుంది.

మెకానిక్ చేత చేయించినా పక్కన నిలబడి చూడండి. పద్ధతి ఇది. ముందు ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపాలి. వెచ్చని ఆయిల్ పలుచబడి మడ్డితో సహా దిగుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పాలి. ఆయిల్ వేడిగా ఉంటుంది కాబట్టి చేతులు జాగ్రత్త. పై మూత కూడా తీస్తే త్వరగా దిగుతుంది. పది నిమిషాలు ఆగాలి. బోల్టుకు ఉండే వాషర్ నలిగి ఉంటే కొత్తది వేయాలి. ఇంజన్ కింది భాగం అల్యూమినియంతో చేసినది. బలం కొద్దీ బిగిస్తే మర తెగిపోతుంది. మర తెగితే అదొక కొత్త ఖర్చు.

ఆయిల్ ఫిల్టర్ విషయం బండిని బట్టి మారుతుంది. పల్సర్ వంటి బండ్లలో మార్చదగిన ఫిల్టర్ ఉంటుంది. ధర తక్కువే కాబట్టి కొన్న రోజే మార్చడం మంచిది. హీరో హోండా కాలం నాటి స్ప్లెండర్, ప్యాషన్ వంటి వాటిలో మార్చే ఫిల్టర్ ఉండదు. లోపల ఒక జాలి, గిర్రున తిరుగుతూ మడ్డిని అంచులకు చేర్చే ఫిల్టర్ ఉంటాయి. వాటిని శుభ్రం చేయాలంటే పక్క కవరు విప్పాలి. పాత బండి కొన్నప్పుడు ఒకసారి ఈ పని చేయించడం అవసరం. లోపల పేరుకున్న మడ్డి చూస్తే పాత యజమాని ఎంత శ్రద్ధగా వాడాడో కూడా తెలుస్తుంది.

కొందరు కిరోసిన్, డీజిల్ పోసి ఇంజన్ కడుగుతామంటారు. వద్దని చెప్పండి. ఎంత దించినా మూలల్లో కొంత మిగిలి కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. దానికి బదులు మామూలు ఆయిలే పోసి, 500 కిలోమీటర్లు నడిపి, మళ్ళీ మార్చండి. పాత మడ్డిని ఆ మొదటి ఆయిలే కడిగి తెస్తుంది.

ఏ ఆయిల్ పోయాలి?

డబ్బా మీద ఉండే అక్షరాలు చూసి కంగారు పడనవసరం లేదు. మూడు విషయాలు చూస్తే చాలు.

మొదటిది చిక్కదనం. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. ‘డబ్ల్యూ’ అంటే వింటర్, అంటే చలికాలం. రెండో అంకె వంద డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మీ బండి తయారీదారులు మాన్యువల్‌లో ఏది చెబితే అదే పోయాలి. చిక్కనిది పోస్తే ఇంజన్‌కు బలమని కొందరు చెప్పే మాటలో నిజం లేదు. సన్నని దారులున్న ఇంజన్‌లో చిక్కని ఆయిల్ పైభాగానికి చేరడం ఆలస్యమవుతుంది.

రెండోది జాసో ఎంఏ లేదా ఎంఏ2 అనే గుర్తు. బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయని పైన చెప్పాను. ఆ ప్లేట్లు జారకుండా పట్టు నిలిపే ఆయిల్‌కు జపాన్ ప్రమాణం ఇచ్చే గుర్తు ఇది. కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పోస్తే, అందులో రాపిడి తగ్గించే పదార్థాలు ఉంటే క్లచ్ జారుతుంది. ఇంజన్ అరుస్తుంది, బండి ముందుకు పోదు. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి వాటికి ఎంబీ గుర్తు ఉన్న ఆయిల్ వాడతారు. ఆ ఆయిల్‌ను గేర్ల బండిలో పోయకూడదు.

మూడోది ఏపీఐ గ్రేడు. ఎస్‌జే, ఎస్ఎల్, ఎస్ఎన్ అని ఉంటుంది. ‘ఎస్’ పెట్రోలు ఇంజన్‌కు గుర్తు. రెండో అక్షరం వర్ణమాలలో ఎంత ముందుకు పోతే అంత కొత్త ప్రమాణం.

మాన్యువల్ పోయిందని చాలామంది అంటారు. తయారీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి మోడల్, సంవత్సరం చెప్పి అడిగితే ఆయిల్ రకం, పరిమాణం చెబుతారు. ఆ రెండూ నోటు పుస్తకంలో రాసుకోండి. కొనేటప్పుడు సీలు సరిగా ఉన్న డబ్బా, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు తీసుకోండి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టి పారేయండి. లేకపోతే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ నింపి మరొకరికి అమ్మే అవకాశం ఉంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

మాన్యువల్‌లో చెప్పిన దూరమే ప్రమాణం. కాని మన రోడ్ల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. వర్తూరు కోడి దగ్గర సాయంత్రం ఆరు గంటలకు నిలబడిన వారికి నేను చెప్పక్కరలేదు. (కోడి అంటే కన్నడంలో చెరువు నిండి పొర్లే చోటు, మన రాయలసీమలో మరవ అంటాం.) అక్కడ బండి కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఊరి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల సగటు వేగంతో వెళితే 3000 కిలోమీటర్లకు ఇంజన్ 75 గంటలు పనిచేస్తుంది. మన ట్రాఫిక్‌లో సగటు 12 కిలోమీటర్లే అనుకుంటే అదే 3000 కిలోమీటర్లకు 250 గంటలు పనిచేస్తుంది. అంటే మూడు రెట్ల కంటే ఎక్కువ. పైగా గాలి తగిలి చల్లబడే ఇంజన్లు ఇవి. నిలబడితే గాలి తగలదు, వేడి పెరుగుతుంది. మీటరు మీద అంకె చిన్నదే కాని ఆయిల్ పడిన శ్రమ పెద్దది.

అందుచేత ట్రాఫిక్‌లో తిరిగే పాత బండికి నేను చెప్పే లెక్క ఇది: మాన్యువల్ ఇంకా ఎక్కువ దూరం చెప్పినా, 3000 కిలోమీటర్లకు గాని, ఆరు నెలలకు గాని, ఏది ముందు వస్తే అప్పుడు ఆయిల్ మార్చండి. మాన్యువల్ అంతకంటే తక్కువ చెబితే దాన్నే పాటించండి. రోజుకు 15 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు నడిపే విద్యార్థికి 3000 కిలోమీటర్లు పూర్తి కావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. కాబట్టి అతనికి ఆరు నెలల లెక్కే వర్తిస్తుంది. అంటే ఏడాదికి రెండుసార్లు, సెమిస్టరుకు ఒకసారి. పరీక్షలు అయిపోయిన వారంలో మార్చుకుంటానని పెట్టుకుంటే మరిచిపోరు. పెద్ద సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపడం అలవాటు చేసుకుంటే పెట్రోలుతో పాటు ఆయిల్ ఆయువు కూడా మిగులుతుంది.

వారానికి ఒకసారి ఇలా చూడండి

ఆదివారం ఉదయం బట్టలు ఉతుక్కునే ముందు అయిదు నిమిషాలు చాలు.

* బండిని సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది.
* ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. పైకి వెళ్ళిన ఆయిల్ కిందికి దిగాలి.
* పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడండి. స్ప్లెండర్ వంటి బండ్లలో పుల్లను మరలో తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. మరికొన్ని మోడళ్ళలో పద్ధతి వేరుగా ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూసుకోండి.
* కింది గీత దగ్గర ఉంటే అదే రకం ఆయిల్ కొద్దికొద్దిగా పోసి, పై గీత దాటకుండా ఆపండి.

ఎక్కువ పోస్తే ఇంకా మంచిదని అనుకోవద్దు. ఎక్కువైన ఆయిల్‌ను లోపలి క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది కనుక అది కందెనగా పనికిరాదు. మిగులు ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి పోయి దాన్ని తడిపేస్తుంది, సీళ్ళను నెట్టుకొని కారుతుంది.

కొన్న మొదటి నెలలో ప్రతి వారం మట్టం రాసి పెట్టండి. 500 కిలోమీటర్లలోపే పై గీత నుంచి కింది గీతకు దిగిపోతే ఆ ఇంజన్ ఆయిల్ తాగుతోంది, లేదా ఎక్కడో కారుతోంది. పోస్తూ నెట్టుకురావద్దు, మంచి మెకానిక్‌కు చూపించండి. తొందరగా పట్టుకుంటే సీలు మార్పుతో పోయే ఖర్చు, ఆలస్యమైతే బోరు దాకా వస్తుంది.

ఇంజన్ ఆయిల్ ఒక్కటే కాదు

చైన్: 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసినప్పుడల్లా తుడిచి, చైన్ లూబ్ గాని, 90 నంబరు గేర్ ఆయిల్ గాని రాయాలి. ఇంజన్ నుంచి దించిన పాత ఆయిల్ రాయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అందులో మసి, లోహపు పొడి ఉంటాయి కాబట్టి చైన్ ఇంకా త్వరగా అరుగుతుంది. చైన్ రాసేటప్పుడు ఇంజన్ తప్పక ఆపి ఉంచండి. నడిచే చైన్‌లో వేళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

బ్రేక్ ఆయిల్: డిస్క్ బ్రేకు బండికి హ్యాండిల్ దగ్గర చిన్న డబ్బా ఉంటుంది. అందులో మట్టం కింది గీతకు పైన ఉండాలి. మూత మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉంటుంది, అదే పోయాలి. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకు ఒకసారి మార్చాలి. పాత బండికి కొన్నప్పుడే మార్చడం మంచిది. అందులో ఇంజన్ ఆయిల్ చుక్క కూడా పడకూడదు. పడితే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు పోతుంది.

ఫోర్క్ ఆయిల్: ముందు ఫోర్కు కడ్డీల మీద జిడ్డు గీత కనిపిస్తే సీలు పోయింది. కారిన ఆయిల్ బ్రేకు మీద పడకముందే మార్పించండి.

స్కూటర్ నడిపే విద్యార్థినులకు: యాక్టివా వంటి స్కూటర్లలో ఇంజన్ ఆయిల్ కాక వెనుక చక్రం దగ్గర విడిగా గేర్ ఆయిల్ ఉంటుంది. చాలామంది మెకానిక్‌కు చెప్పరు, చెప్పకపోతే కొందరు మార్చరు. అడిగి మార్పించండి.

టూ స్ట్రోక్ బండ్లు: యమహా ఆర్ఎక్స్ 100 మీద ఇప్పటికీ కుర్రవాళ్ళకు మోజు తగ్గలేదు. అందులో ఇంజన్‌కు విడిగా 2టీ ఆయిల్ ట్యాంకు ఉంటుంది, అది పెట్రోలుతో కలిసి మండిపోతుంది. గేర్ బాక్సు ఆయిల్ వేరే. 2టీ ఆయిల్ అయిపోతే ఇంజన్ కొన్ని నిమిషాల్లోనే పట్టేస్తుంది. వాటికి కొద్దిగా నీలిపొగ సహజం.

దించిన ఆయిల్ ఎక్కడ పోయాలి?

ఇది కూడా బండి గలవారి బాధ్యతే. పాత ఆయిల్‌ను డ్రైనేజీలోనో, ఖాళీ స్థలంలోనో పారబోయడం మామూలైపోయింది. ఇక్కడి కాలువల నీరు చివరికి వర్తూరు చెరువుకే చేరుతుంది. బెళ్ళందూరు చెరువు నీరూ ఇందులోకే వస్తుంది. ఇక్కడి నుంచి దక్షిణ పినాకినిలో కలిసి హొసూరు మీదుగా తమిళనాడుకు పోతుంది. మురుగు, డిటర్జెంట్లు చేరి 2015లో ఈ చెరువు నురుగు గాలికి లేచి రోడ్డు మీద వెళ్ళేవారి ముఖాల మీద పడింది. దానికి మనం మరికొంత విషం కలపవద్దు. ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. మన దేశంలోనూ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికే చేరాలి. ఇంట్లో మార్చుకుంటే ఆయిల్‌ను డబ్బాలో పట్టి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. మెకానిక్ దగ్గర మార్పిస్తే ఆయన పాత ఆయిల్‌ను డ్రమ్ములో పోస్తున్నాడో, కాలువలో పోస్తున్నాడో చూసి మెకానిక్‌ను ఎంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట

ఊళ్ళో ఉండి పిల్లల్ని బెంగళూరులో చదివిస్తున్న తల్లిదండ్రులు బండి కొనిచ్చేటప్పుడు ధరతో పాటు మరో మూడు వేల రూపాయలు పక్కన పెట్టండి. మొదటి ఆయిల్ మార్పు, ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, చైన్ పనులకు అది ఉపయోగపడుతుంది. ఉన్న డబ్బంతా బండికే పెట్టేస్తే ఈ పనులు వాయిదా పడతాయి. ఫోన్ చేసినప్పుడు “బండి బాగుందా నాయనా?” అని అడిగితే “బాగుంది” అనే సమాధానమే వస్తుంది. “ఆయిల్ ఎప్పుడు మార్చావు? మీటరు ఎంత ఉంది?” అని అడగండి. మీకు బండి గురించి తెలియకపోయినా ఫరవాలేదు, అడుగుతారని తెలిస్తే పిల్లలు చూసుకుంటారు. ఇన్సూరెన్స్, హెల్మెట్ సంగతి కూడా అదే ఫోన్‌లో అడగండి.

విద్యార్థులు ఒక చిన్న నోటు పుస్తకం బండి కాగితాలతో పాటు ఉంచుకోండి. తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిల్ పేరు, ఎంత పోశారు, ఖర్చు ఎంత అని అయిదు గడులు గీసుకుంటే చాలు. చదువు పూర్తయి బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకమూ, బిల్లులూ చూపిస్తే కొనేవారికి నమ్మకం కలుగుతుంది, నాలుగు రూపాయలు ఎక్కువ కూడా వస్తాయి. కొనే ఆ విద్యార్థికి మీకు దొరకని బండి చరిత్ర దొరుకుతుంది. ఈ ఆదివారమే మొదటి వరుస రాయండి.